ఆగిన చోటే రాసే నేలిదా

నేలిదాకి ముందే అన్నీ రాసిపెట్టుకోవడం గిట్టదు. బ్యూనస్ ఐరిస్‌లోని ఆమె ఆఫీసులో ఈ సంగతి అందరికీ తెలుసు. సగం కూడా రాయని ప్రోగ్రామును ధైర్యంగా నడిపించేస్తుంది. తెలియని పని ఎదురవగానే అది ఆగి, ఎక్కడ ఆగిందో చూపించే డీబగ్గర్ కిటికీ తెరమీద తెరుచుకుంటుంది. అక్కడ ఇంకొకరికైతే గుండె జారుతుంది. ఆమె కుర్చీ ముందుకు లాక్కుని, లేని ముక్కను ఆ కిటికీలోనే రాసి, ఆగిన చోటునుంచే మళ్లీ నడిపిస్తుంది.

"ఏం కావాలో ప్రోగ్రామే అడుగుతుంది. మనకెందుకయ్యా తొందర?" అంటుంది.

ఇంత చెప్పే మనిషి ఇంట్లో బోల్తా పడింది. బస్సు డ్రైవరుగా చేసిన భర్త ఒవిదియోకి పక్షవాతం వచ్చి మాట, కుడిచెయ్యి పోయాయి. ఆయన కోసం బొమ్మల పలక తయారుచేసింది. బొమ్మలు తాకితే అది మాట్లాడుతుంది. మొగుడి మనసు తనకు తెలియదా అని, వాక్యాలన్నీ తానే ముందుగా రాసేసింది.

ఒవిదియో మొదట, అక్కడివాళ్లు టీలా తాగే మాతే గిన్నె బొమ్మను, తర్వాత నేలిదా ఫొటోను తాకాడు. "నేలిదా, నాకు మాతే ఇవ్వు" అంది పలక. ఆమె ఆ చేదు ఆకు మీద వేడినీళ్లు పోసి అందిస్తే, గిన్నెను తోసేశాడు. ఆ తర్వాత పలకను ముట్టుకోనేలేదు. ఆయన మాట ఇక ఎప్పటికీ వినలేనేమోనని ఆమెకు భయం పట్టుకుంది.

ఆఫీసులో జరిగింది చెప్పి కళ్లు తుడుచుకుంటుంటే పక్క సీటు ఫబ్రీసియో ఊరుకోలేదు. "మాకు పాఠాలు చెప్తావు గానీ అక్కా, బావగారు అడక్కముందే ఆయన మాట నువ్వే రాసేశావా?"

ఆ మాట సూటిగా తగిలింది. ఇంటికి రాగానే వాక్యాలన్నీ చెరిపేసి, బొమ్మలు మాత్రమే మిగిలిన పలకను ఆయన ముందు పెట్టి బతిమాలింది. ఒవిదియో అనుమానంగా చూసి, మళ్లీ ఆ రెండు బొమ్మలే తాకాడు. పలక మూగబోయింది. దానికి తగిలించిన ఆమె కంప్యూటర్లో డీబగ్గర్ కిటికీ తెరుచుకుంది.

"ఆగిపోయిందయ్యా. నాకూ తెలీదు, నువ్వే చెప్పు. మాతే కావాలా?"

కాదని తల ఊపాడు.

"చేదు ఎక్కువైందా? నేను బాగా చెయ్యట్లేదా?"

విసుక్కుని, ఎడమచేత్తో కెటిల్‌ను తనవైపు లాక్కున్నాడు.

అప్పుడు వెలిగింది ఆమెకు. కాపురమంతా మాతే పోసి ఇచ్చింది ఆయనే. మాతే తాగి "థాంక్స్" అంటే అక్కడ ఇక చాలని అర్థం కదా, ఆమె ఆ మాట అనేదాకా నింపి ఇస్తూనే ఉండేవాడు. జబ్బు చేశాక కెటిల్ ఆమె లాగేసుకుంది. పాపం, ఎంత ఉక్కిరిబిక్కిరి అయ్యాడో!

తడికళ్లతోనే ఆ కిటికీలో రాసి, ముందుకు నడిపింది.

"నేలిదా, నీకు మాతే నేను పోస్తాను" అంది పలక.

ఒవిదియో వంకర మూతితో నవ్వాడు. అలవాటులేని ఎడమచేత్తో సగం నీళ్లు బల్లమీదే పోశాడు. కాలుతుందేమోనని ముందుకు చాపిన చేతిని ఆమె వెనక్కి తీసుకుంది. ఆయన ఇచ్చింది చివరిదాకా తాగి, థాంక్స్ అనకుండా, ఖాళీ గిన్నెను మళ్లీ ఆయన ముందుకు జరిపింది.