మా అత్త నెత్తురు చెప్పిన మాట

ఎనభైల మొదట్లో నేను ఆదోనిలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో రక్తపరీక్షలు చేసేదాన్ని. మా మేనత్త ఎమ్మిగనూరులో మగ్గం నేసేది. ఆమెకు కాలేయంలో క్యాన్సర్ అని కర్నూలులో తేల్చి, మూడు వారాలకొక ఇంజెక్షన్ ఆదోనిలోనే వేయించుకోమన్నారు. అలా ఆమె బస్సెక్కి నా దగ్గరికే వచ్చేది. ముందు నేను నెత్తురు తీసి పరీక్ష చేయాలి, ఆ తర్వాత డాక్టరు మందు ఎక్కించాలి.

ఇంజెక్షన్ పడితే వారం రోజులు వాంతులు. నోరు పొక్కి జొన్నరొట్టె మింగుడు పడేది కాదు. మగ్గం గుంటలోకి దిగే సత్తువ ఉండేది కాదు. "మందు పని సేస్తాంది, అందుకే ఇంత బాధ" అని తనకు తానే సర్దిచెప్పుకునేది.

కానీ ఆమె నెత్తురు వేరే మాట చెబుతోంది. గడ్డకట్టిన నెత్తురు మీద తేలే తేటనీరు మొదటిసారి లేత గడ్డి రంగులో ఉంది. మూడోసారికి పసుపు కలిపినట్టయింది. కాలేయం చెడేకొద్దీ నెత్తుట్లో పేరుకునే బిలిరుబిన్ ప్రతిసారీ పెరుగుతోంది, ప్రొటీన్లు పడిపోతున్నాయి. డాక్టరు ఏ రోజు చీటీ ఆ రోజు చూసి పక్కన పడేసేవాడు. మూడుసార్ల లెక్కలనూ ఒకే కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను.

"నాకు తెలుసమ్మా. మందు పనిచేయడం లేదు. కొడుక్కి చెప్పాను. ఆపొద్దన్నాడు. ఆమెకు మాత్రం చెప్పకు, ఆడవాళ్లు తట్టుకోలేరు."

నాకు ఒళ్లు మండిపోయింది. వాంతులతో పేగులు తెగేది ఆమెకు, కావాలో వద్దో చెప్పేది కొడుకా? అయినా ఆ పూట నోరు మెదపలేదు. మూడో ఇంజెక్షన్ నా కళ్లముందే ఎక్కించారు. డాక్టరు మీద ఉన్నంత కోపం నాకు నా మీద కూడా ఉంది.

నాలుగోసారి నెత్తురు తీయడానికి సూది గుచ్చుతుంటే మా అత్త అడిగింది.

"పాపా, నా నెత్తురు ఏమంటాంది? నువ్వన్నా సెప్పు."

"మందు పని సేయడం లేదత్తా. రోగం పెరుగుతాంది."

గుచ్చినచోట దూది అదుముకుంటూ అడిగింది. "నా కొడుక్కి తెలుసా?"

"తెలుసు."

"అంటే నాకొక్కదానికే తెల్దా! నెత్తురు నాది, కక్కేది నేను, సెప్పేది వానికా?"

లేచి నేరుగా డాక్టరు గదిలోకి పోయింది. నేనూ వెనకే వెళ్లాను.

"మీ మేలు కోరే చెప్పలేదమ్మా" అన్నాడాయన.

"మేలైతే నాకు సెప్పి సెయ్యల్ల సామీ. నాకు ఈ సూది వద్దు."

ఆయన నా వైపు తిరిగి, రేపటి నుంచి పనికి రావద్దన్నాడు. నేను అప్పుడే బయటికి నడిచాను.

నేనూ అత్తా ఎమ్మిగనూరులో బస్సు దిగి ఇంటికి పోయి, జరిగింది అత్త చెప్పేసరికి ఆమె కొడుకు నా మీద విరుచుకుపడ్డాడు. "మాయమ్మను సంపడానికే సెప్పినావు!"

"దాన్ని ఏమీ అనొద్దు" అంది మా అత్త. "అడిగింది నేను."

వాంతులు ఆగిపోయాయి. రెండు నెలల పైచిలుకు బతికింది. పదేళ్లుగా మాటల్లేని చెల్లెలి ఇంటికి గోనెగండ్ల పోయి నాలుగు రోజులుండి వచ్చింది. చివరి వారం తప్ప రోజూ వాకిట్లో కూర్చుని, వచ్చినవాళ్లతో తన రోగం పేరు తానే చెప్పింది. ఆమె పోయాక కొడుకు నాతో మాట్లాడటం మానేశాడు. ఇప్పటికీ మాట్లాడడు. నేను చెప్పింది తప్పని నన్నెవరూ ఒప్పించలేరు. ఆలస్యంగా చెప్పాను, అదొక్కటే తప్పు.