కుట్టు నిలవని చోటు

బట్టలు కుట్టే అమ్మమ్మకు వీధిలో అందరి కొలతలూ కంఠతా వచ్చు. తన వయసు మాత్రం ఏటా రెండేళ్ళు తగ్గించి చెబుతుంది. నోట్లో సిగరెట్ లేనిదే ఆమె సూదిలోకి దారం ఎక్కదు. క్యాన్సర్‌కు రొమ్ము తీసేశాక, ఆ చోట ఇంప్లాంట్ కావాలని పట్టుబట్టింది. గాయం మానాలంటే పొగ ముట్టొద్దన్నాడు డాక్టర్. ఆపరేషన్ దాకా నెల రోజులు పళ్ళు బిగబట్టింది. గండం గడిచిందనుకుని ఆపరేషన్ మర్నాడే ఆస్పత్రి మెట్ల వెనక వెలిగించింది. పన్నెండో రోజున కుట్టు విచ్చుకుంది.

“మళ్ళీ కాల్చారా?” అన్నాడు డాక్టర్.

“ఆపరేషన్ అయిపోయిందిగా బాబూ! ఇంకో కుట్టు వేసెయ్యి. చేతకాకపోతే సూది ఇలా ఇవ్వు.”

“చర్మం చచ్చిపోయిందమ్మా, కుట్టు నిలవదు. ఇంప్లాంట్ తీసెయ్యాలి.”

“మళ్ళీ ఎప్పుడు పెడతావు?”

డాక్టర్ ఇంప్లాంట్ తీసే తేదీ మాత్రం రాసిచ్చాడు. అమ్మమ్మ జాకెట్టు గుండీలు పెట్టుకోబోయింది. గుండీ కాజాలో పడలేదు.

“కాస్త పెట్టమ్మా,” అంది పక్కనున్న నర్సుతో.