పసుపు పెట్టని కార్డు

నాకు కోపం ముక్కు మీదే ఉండేది, ఇప్పటికీ ఉంది. కోడూరు దగ్గర ఆ తాటాకు బడిలో, అయిదో తరగతి పిల్లలు పదకొండుమందీ ఆవు మీద ఒకే వ్యాసం రాసి నా ముందు పెట్టినప్పుడు నా మొహం ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. పలకలు తుడిపించి, ఈసారి ఎవరింటి ఆవు గురించి వాళ్ళు రాయమన్నాను. మళ్ళీ పదకొండు పలకలూ వచ్చాయి. పదకొండింటిలోనూ ఆవు సాధుజంతువే. అందులో ఒకడి ఆవు అంతకు ముందు వారమే వాడి తాతను కొమ్ములతో ఎత్తి కళ్ళంలో పడేసింది. అయినా సాధుజంతువేనట!

బందరులో ట్రెయినింగు పూర్తిచేసి, పులిగడ్డ రేవు దాటి దివిసీమకు వచ్చి అప్పటికి మూడు నెలలు. ఆ పిల్లలు చూచిరాత ముత్యాల్లా రాసేవాళ్ళు. సొంతంగా ఒక్క వాక్యం రాయమంటే బలపం కొరుక్కుంటూ పైకప్పు చూసేవాళ్ళు. ఇన్‌స్పెక్టరుగారికి చూచిరాత చూపిస్తే చాలు, ఎందుకొచ్చిన గొడవ అని పెద్దమేష్టారు నచ్చజెప్పారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. రాజుల సంగతి తెలియదుగాని నేను మొండివాణ్ణే. వీళ్ళ చేత రాయించకుండా ఈ రేవు మళ్ళీ దాటనని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

అందరిలోకీ గట్టిపిండం ఒక ఆడపిల్ల. ఆ ఆవు వ్యాసం కూడా పక్కవాడి పలకలో చూసి దింపిందే. తండ్రి కౌలుకు చేసుకునే రైతు. నేను బడిలో చేరిన కొత్తలోనే ఆయన తేల్చి చెప్పాడు, వేసవి లోపల చదువు వంటబడితే సరి, లేకపోతే మానిపించి పొలానికి తీసుకుపోతానని. వేసవికి ఇక ఎన్నో రోజులు లేవు. ఎందుకు రాయవని ఒకరోజు గద్దించి అడిగాను. ఆ పిల్ల తల ఎత్తకుండానే అంది:

"రాస్తే ఎవరు చదువుతారండీ, మీరు తప్ప?"

నాకు కోపం రాలేదు, అదే వింత.

మర్నాడు అవనిగడ్డ నుంచి పదకొండు పోస్టుకార్డులు తెప్పించాను. పొరుగూళ్ళో ఉన్న మీ వాళ్ళకు ఏం చెప్పాలని ఉందో అది రాయండి, నోటితో ఎలా అంటారో అలాగే రాయండి, నేను దిద్దను, చూడనైనా చూడను అని చెప్పాను. పిల్లలు కార్డుల మీదికి వంగారు. అందరూ ఇచ్చేశాక కూడా ఆ పిల్ల రాస్తూనే ఉంది. కార్డు బోర్లించి ఇస్తూ, నిజంగా చూడరు కదా అని రెండుసార్లు అడిగింది. నేను చూడలేదు. చిరునామాలు మాత్రం నా చేత్తో రాసి డబ్బాలో వేయించాను. ఆ సాయంత్రం నా అంత గొప్ప మేష్టరు జిల్లాలోనే లేడనుకున్నాను.

వారం తిరక్కుండా నా గొప్పతనం బయటపడింది. పాఠం మధ్యలో కాలవగట్టు మీద ఏడుపు వినబడింది. ఒక ముసలమ్మ జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ వస్తోంది. మా అమ్మమ్మ అంటూ ఆ పిల్ల బయటికి పరుగెత్తింది.

ఆ పల్లెల్లో ఇంటికి కార్డు వచ్చేది రెండు పనులకే, పెళ్ళికి, చావుకి. శుభమైతే మూలల్లో పసుపు ఉంటుంది. పసుపు లేని కార్డును గడప దాటనివ్వరు, చూరులో దోపి ఏడుపు మొదలుపెడతారు. మా బందరు ఇంటికి మామూలు కార్డులు వస్తూనే ఉండేవి, నాకీ సంగతి తట్టనే లేదు. మిగతా పది ఇళ్ళలోనూ ముందు ఏడ్చి, చదివించుకున్నాక నవ్వుకున్నారని తరవాత తెలిసింది. గుడివాడ పక్క పల్లెలో ఉండే ఆ ముసలమ్మకు పొరుగూళ్ళో ఉన్నది ఈ ఒక్క కూతురే. పసుపు లేదని చూసింది. చదివించుకుని ఆ మాట వినే ధైర్యం లేక, కార్డు కొంగున కట్టుకుని ఉన్నపళాన బయలుదేరింది.

నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి, ముసలమ్మ నిక్షేపంలా ఉన్న కూతుర్ని వాటేసుకుని ఇంకా ఏడుస్తోంది. ఊరు సగం అక్కడే ఉంది. తండ్రి పొలం నుంచి మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు.

"బతికున్న మనిషికి చావు కబురు రాయిస్తారా? ఇంక బడీ లేదు, గిడీ లేదు" అన్నాడు.

ఇక ఈ రాతలు మానేస్తానని చెప్పి వచ్చేయమని పెద్దమేష్టారు నా చొక్కా పట్టుకు లాగారు. భయం వేసింది, అబద్ధమెందుకు? కాని అప్పుడు నేను వెనక్కి వస్తే ఆ పిల్ల ఇక జన్మలో కలం పట్టదు.

"తప్పు నాదండీ, పిల్లది కాదు. అందులో ఏముందో ఒక్కసారి విని, ఆ తరవాత మానిపించండి" అన్నాను.

అప్పటిదాకా దాన్ని ఎవరూ చదవలేదు. ముసలమ్మ కొంగుముడి విప్పి కార్డు నా చేతికిచ్చింది. చూడనని మాట ఇచ్చాను కనుక దాన్ని ఆ పిల్లకే ఇచ్చి, ఇష్టం లేకపోతే చింపెయ్యమని చెప్పాను. పిల్ల తల్లి వంక చూసింది, తండ్రి వంక చూసింది. చదివింది.

"అమ్మమ్మా, మావయ్య పెళ్ళిలో నాన్నని రెండో బంతిలో కూర్చోబెట్టారని నాన్న అమ్మని మీ ఊరు పంపట్లేదు. మూడేళ్ళయింది. అమ్మ నీళ్ళు తోడేటప్పుడు ఏడుస్తా ఉంటది. ఎవరన్నా వస్తే మొహం కడుక్కుంటది. నువ్వే రా. నాన్న మంచోడే. నువ్వొస్తే పొమ్మనడు."

తల్లి గోడవైపు తిరిగింది. ఆవు వ్యాసానికి అంతమంది మీద అరిచినవాణ్ణి, ఆ పూట కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాను.

చివరికి తండ్రి, అత్తకు పీట వేసి అన్నం పెట్టమని భార్యతో అన్నాడు. తరవాత నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"పిల్ల రోజూ నా పక్కనే కూచుని తింటదండీ. నాతో ఒక్క మాట అన్లేదు. గుడివాడకి రాసుకుంది."

ఆయన కాళ్ళ మీద ఆరిన బురద గిల్లుకున్నాడు.

"రేపు బడికి పంపిస్తానండీ మేష్టారూ. ఈసారి నాకు రాయమనండి. ఎవరిచేతన్నా చదివించుకుంటాను."