ఎనిమిదో నంబరు మంచం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, మామిడికాయల కాలం మొదలయ్యేటప్పుడు, నన్ను ప్రసవాల వార్డు నుంచి మగవాళ్ల వార్డుకు మార్చారు. చిత్తూరులో ఒక ఆస్పత్రిలో నేను ఆయాను. వార్డులో డాక్టర్ల తరువాత హెడ్ నర్సు, ఆమె కింద స్టాఫ్ నర్సులు, వాళ్ల వెనక నర్సింగ్ చదివే పిల్లలు, అందరికీ కింద మేము. మంచాల దుప్పట్లు మార్చడం, బెడ్‌పాన్ పెట్టడం, రోగిని స్ట్రెచర్ మీదికి చేర్చడం మా పని. అదే ఏడాది నా కోడలు రేవతికి నర్సింగ్ చదువులో ఆఖరి సంవత్సరం. వాళ్లకు డ్యూటీలు మా ఆస్పత్రిలోనే వేసేవాళ్లు. అలా రేవతి ఇంట్లో నాకు కోడలు, వార్డులో తెల్లబట్టల స్టూడెంటు.

రేవతిది నగరి, మగ్గాల ఇంటి పిల్ల. ఇంటర్ చదివి మా ఇంటికి వచ్చింది. పాప యామినికి బడికి పోయే వయసు వచ్చాక నర్సింగ్‌లో చేరింది. మా అబ్బాయి మురళి పాకాల రూటులో ప్రైవేటు బస్సు డ్రైవరు. భార్యకు పొద్దుటి డ్యూటీ పడితే పాపకు తనే జడలు వేసేవాడు. ఒక జడ తూర్పు చూస్తే ఇంకొకటి పడమర చూసేది. "నాయనా, నా తల స్టీరింగు కాదు, అట్ల తిప్పొద్దు" అని యామిని అరిచేది. తల్లి ఎముకల పేర్లు వల్లెవేస్తుంటే సంగటి తింటూ తనూ వల్లెవేసేది. బడిలో పద్యం చెప్పమంటే లేచి ఎముకల పేర్లు చెప్పి వచ్చిందట. ఇల్లు అట్లా నడిచిపోయేది. ఒక్కచోటే చిక్కు పడింది.

మా ఇళ్లలో కోడలు మామకు ఎదురుపడి మాట్లాడదు. నేనూ మా మామతో మాట్లాడి ఎరుగను. అన్నం వడ్డించినా గోడతో చెప్పినట్టు చెప్పాలి, లేదా పిల్లల చేత చెప్పించాలి. "పాపా, తాతకు సెప్పు, నీళ్లు కాగినాయని." ఆయన అక్కడే కూర్చుని వింటూనే ఉంటాడు, అయినా పాప వచ్చి చెప్పేదాకా లేవడు. ఇది కోపం కాదు, మర్యాద.

ఈ మర్యాద రేవతితో పాటు వార్డుకు కూడా వచ్చింది. ఆడవాళ్లతో, పిల్లలతో గలగలా మాట్లాడే పిల్ల, నెరిసిన తల కనబడితే నోరు మూసుకునేది. ఒకరోజు ఎనిమిదో నంబరు మంచం మీద కాలి పుండుతో ఉన్న ఒక పెద్దాయనకు కట్టు మార్చమన్నారు. నర్సు ఏ పని మొదలుపెట్టినా ఒక వరుస ఉంది. ముందు రోగి పేరు అడగాలి, ఏం చేయబోతున్నదీ చెప్పాలి, అడ్డతెర లాగాలి, ఆ తరువాతే చెయ్యి వేయాలి. రేవతి తెర లాగింది, మాట లేకుండా కాలు పట్టుకుంది. నిద్రమత్తులో ఉన్న ఆయన ఉలిక్కిపడి కాలు లాక్కున్నాడు. ట్రే బోర్లా పడింది. ట్యూటర్ మేడం అందరి ముందూ అరవలేదు, పక్కకు పిలిచింది. తిరుపతిలో జరిగే ప్రాక్టికల్‌కు పరీక్ష పెట్టేవాళ్లు బయటి నుంచి వస్తారని, అక్కడా ఇట్లాగే మూగగా నిలబడితే ఫెయిల్ చేస్తారని, తనేమీ చేయలేనని చెప్పింది. అన్నేళ్ల చదువు ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయేట్టు ఉంది. దుప్పట్లు మడుస్తూ నేను అంతా విన్నాను.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర మా ఆయనకు జరిగింది చెప్పాను. ఆయన మామిడికాయల మండీలో కాటా వేసే మనిషి, మాట తక్కువ. చెయ్యి కడుక్కుని పోయి వసారాలో మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఏమైంది, ఒళ్లు బాగలేదా?" అన్నాను.

"నీ కోడల్ని రమ్మను. పేషెంటు కాచుకోనుండాడని సెప్పు."

రేవతి దుప్పటి పట్టుకుని వచ్చి తలుపు వెనక నిలబడింది. అక్కడి నుంచే అంది. "పాపా, తాతకు సెప్పు, పక్కకు తిరగమని."

మా ఆయన కప్పు వైపు చూస్తూ నాతో అన్నాడు. "తిరప్తికి గూడా పాపను ఎంటబెట్టుకోని పోతాదా? ఆ యమ్మికి సెప్పు, ఈడ మామ లేడు. మామ మండీకి పోయినాడు. ఈడ పడుకోనుండేది ఎనిమిదో నంబరు మంచం."

యామిని పకపకా నవ్వింది. తలుపు వెనక రేవతికి కూడా నవ్వు వచ్చింది. ఆ నవ్వే గడప దాటించింది. మంచం పక్కకు వచ్చి, కళ్లు దించుకుని, "అయ్యా, మీ పేరేంది?" అంది.

ఆయన చెప్పాడు. వరుస ప్రకారం నర్సు ఆ పేరుతోనే పిలవాలి. రేవతి నా వైపు చూసింది. పెళ్లయినప్పటి నుంచి నేను నోట పలకని పేరు అది. ఇప్పుడు ఇక్కడ కూడా రాయను. నేను ముఖం తిప్పుకుని, "అది పేషెంటు పేరు లేమ్మా, పలుకు" అన్నాను. పలికింది. "గారూ" చేర్చి మరీ పలికింది. దుప్పటి మారుస్తానని, ఎడమ పక్కకు తిరగమని చెప్పి, భుజం మీద చెయ్యి వేసి తిప్పింది. పాత దుప్పటి ఆయన వీపు దాకా చుట్టి, కొత్తది సగం పరిచి, ఇంకో పక్కకు తిప్పి మిగతా సగం లాగింది. రోగిని దించకుండా పక్క మార్చడం అంటే అదే.

"పేషెంటుకు చక్కిలిగిలి అయితాండాది" అన్నాడు ఎనిమిదో నంబరు.

"కదలకండయ్యా, కదిల్తే మళ్లీ మొదటి నుంచి" అంది నర్సు.

ఆ తరువాత పరీక్ష వచ్చేదాకా అదే పని. ఎండలో కాయలు తూచి అలిసి వచ్చిన మనిషి స్నానం చేసి మంచం ఎక్కేవాడు. చేతికి కట్టు, తలకు కట్టు, నాడి, బీపీ అన్నీ చూపించుకున్నాడు. ఒకరోజు తలకు కట్టిన కట్టుతోనే వీధి చివరికి పోతే, కాయల బండి మీదపడిందా అని మండీ వాళ్లంతా పరామర్శకు వచ్చారు. కానీ మంచం దిగితే మళ్లీ మామే. రేవతి మళ్లీ తలుపు వెనకే.

తిరుపతిలో రేవతికి ఒక పెద్దాయన మంచమే పడిందట. పేరు అడిగి, చేయబోయేది చెప్పి, అప్పుడు చెయ్యి వేశానని చెప్పింది.

ఫలితాలు వచ్చినప్పుడు మా ఆయన అన్నం తింటున్నాడు. రేవతి ఫోను పట్టుకుని వంటింట్లో నుంచి వచ్చింది. యామిని ఎప్పటిలాగే మాట మోయడానికి లేచి నిలబడింది. రేవతి ఆ పిల్లను దాటుకుని వచ్చి ఎదురుగా నిలబడి, "మామా, నేను పాసయినా" అంది.

ఆయన ముద్ద పళ్లెంలోనే పెట్టేశాడు. ఆమె వైపు చూడలేకపోయాడు. యామిని వైపు తిరిగి, "పాపా, మీయమ్మకు సెప్పు, శానా సంతోషమని" అన్నాడు.

రేవతి ఇప్పుడు తిరుపతిలో స్టాఫ్ నర్సు. నేను పని నుంచి దిగిపోయాను. అప్పుడు తిట్టకుండా పక్కకు పిలిచి చెప్పిన మేడంకు, రోజంతా నిలబడి వచ్చి మా కోసం పడుకున్న మా ఆయనకు నేను రుణపడి ఉన్నాను. అంతకుముందు ఎన్నో ఏళ్లు ఎందరినో పక్కకు తిప్పాను, చాలామందిని చెప్పకుండానే తిప్పాను. ఆ ఏడాది తరువాత అట్లా చేయలేదు. మనిషి మీద చెయ్యి పడే ముందు చెవిన మాట పడాలి. స్పృహ లేనివాళ్లకు కూడా "అయ్యా, ఎడమకు తిప్పుతాండాను" అని చెప్పే తిప్పేదాన్ని.