కంపెనీ వీసా

మా దిక్కు 'కంపెనీ వీసా' అంటే చాలు, ఆ కంపెనీ ఏం చేస్తుందని ఎవరూ అడగరు. ఏ కంపెనీ పనీ చూపని ఆజాద్ వీసా మీద దుబాయ్ వెళ్లి, పని కోసం గల్లీగల్లీ తిరిగిన మా బావలాంటి వాళ్లకు ఆ మాట విలువ తెలుసు. కంపెనీ అంటే రూము, తిండి, జేబులో గుర్తింపు కార్డు. కోరుట్లలో నా జిరాక్స్ దుకాణంలోనే బావ తనకొచ్చిన కంపెనీ వీసా కాగితం చూపించాడు. కంప్యూటర్ పని అని ఉంది, దేశం మాత్రం గల్ఫ్‌ది కాదు. "కంపెనీ వీసానే గద బావా, పో" అన్నాను. ఆ మాటన్న నా నోటి మీద నాకిప్పటికీ కోపమే.

అక్కడ దిగగానే పాస్‌పోర్టు గుంజుకున్నారు. బ్యాంకు అధికారినని చెప్పి మన తెలుగువాళ్లనే ఫోన్లో మోసం చేయమన్నారు. చేయనంటే, ఒప్పుకునేదాకా వైర్లతో కొట్టారు. ఈ సంగతంతా దొంగచాటుగా చేసిన ఒక్క ఫోనులో అక్కకు చెప్పాడు.

ఇబ్రహీంపట్నంలో బీడీలు చేసుకునే అక్కను వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్లాను. నేరం ఇక్కడ జరగలేదు కదా అన్నారు. అక్కడి మన రాయబార కార్యాలయానికి రాస్తే, ముందు మీ ఠాణాలో ఫిర్యాదు చేసి కాపీ పంపమన్నారు. దొంగ మాట రెప్పపాటులో సరిహద్దు దాటి సిరిసిల్లలో ఒకరి ఖాతా ఊడుస్తుంది, మా ఫిర్యాదు మాత్రం గడప దాటదు! ఆ వారమే టీవీలో దేశాల ప్రతినిధులు సైబర్ నేరాలకు ఉమ్మడి చట్టం ఉండాలా, ఎవరి చట్టం వారిదేనా అని వాదించుకుంటున్నారు. రాబోయే కాలంలో ఎన్ని దారులున్నాయో ఒకాయన తీరిగ్గా వివరించాడు. నాకు ఒళ్లు మండి టీవీ కట్టేశాను.

ఏ దేశమూ విడిపించలేదు. నెలల తర్వాత బావే గోడ దూకి, తాత్కాలిక ప్రయాణ పత్రం మీద ఎలాగో ఇల్లు చేరాడు. వారం తిరగకుండానే పోలీసులు వచ్చారు. జగిత్యాలలో మోసపోయిన ఒక పెద్దమనిషి ఫోనులో రికార్డయిన గొంతు బావదేనట. ఇప్పుడు నేరం ఇక్కడిదే అయింది.

ఠాణాలో బావ చొక్కా విప్పి వీపు చూపించాడు. అధికారి జాలిపడ్డాడు కూడా. కొట్టినవాళ్లు వేరే దేశంలో ఉన్నారు, వాళ్లను పట్టే అధికారం మాకు లేదన్నాడు.

అక్క నెమ్మదిగానే అడిగింది. "సారూ, మనిషి ఆడ చిక్కుకుంటె మీ హద్దు కాదంటిరి. గొంతు ఈడ దొరికితె మీ హద్దెట్లయింది?"

ఆయన కాగితం ముందుకు లాక్కున్నాడు. నిందితుడు అన్నచోట బావ పేరు రాసి, అరెస్టు సంగతి తెలిసినట్టు సంతకం చేయమని కాగితం ఆమె వైపు తిప్పాడు.