మందు కొట్టిన గోడలు

1959 జూన్‌లో నన్ను కరీంనగర్ నుంచి ఉట్నూర్‌కు మలేరియా ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఇళ్ల గోడలకు డీడీటీ కొట్టే దళాలను తయారుచేయడం నా పని. మలేరియా దోమ మనిషి నెత్తురు తాగాక బరువెక్కి దగ్గరలోని గోడ మీద వాలుతుంది. ఆ గోడకు మందు ఉంటే చస్తుంది. కార్యక్రమమంతా ఈ ఒక్క నిజం మీద నడిచేది. కొట్టిన మందు నెలల తరబడి గోడ మీద నిలిచి ఉండటమే ముఖ్యం.

దళానికి ఆరుగురు. ఐదుగురు ఫీల్డ్ వర్కర్లు, వాళ్ల మీద ఒక సుపీరియర్ ఫీల్డ్ వర్కర్. పేరు గొప్పదే కానీ అతనూ సీజను కూలీయే. నా మొదటి దళానికి పెద్దగా ఉన్నవాడు భీంరావు. ఆ ప్రాంతపు గోండు రైతు, నలభై ఏళ్లవాడు, మాట తక్కువ. తెలుగు, మరాఠీ రెండూ వచ్చు. పంపు పట్టేవాడు రాజమల్లు. చెన్నూరు నేతపనివాడు, మాట ఎక్కువ.

అప్పటి పంపుకు ఇద్దరు కావాలి. ఒకడు బకెట్లో నిలబెట్టిన పంపును కాలితో అదిమిపట్టి ఆగకుండా కొట్టాలి. రెండోవాడు గొట్టం పట్టుకుని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తిప్పాలి. గొట్టం మూతికీ గోడకూ మూరెడు దూరం తగ్గకూడదు, పెరగకూడదు. ఇద్దరి లయ కుదరకపోతే మందు ఒకచోట కారిపోతుంది, ఇంకోచోట అంటదు. మొదటి వారం గోదాము గోడ మీద ఉత్త నీళ్లే కొట్టించాను. అందరికంటే ముందు లయ దొరికింది రాజమల్లుకే. మగ్గం మీద కాలూ చెయ్యీ కలవకుంటే పోగు తెగుతుందని, ఇదీ అంతేనని చెప్పాడు. గొట్టం పట్టినవాడు గోడ మీదికి వంగితే ఊరుకునేవాడు కాదు.

"గోడకు ముద్దు వెడ్తున్నవా ఏందిరా, జర ఎన్కకు జరుగు."

నేను వారం రోజులు చెప్పింది వాళ్లకు ఈ ఒక్క మాటతో పట్టుబడింది.

నా సంగతి కూడా చెప్పాలి. జ్వరం వస్తే అమ్మవారనీ చేతబడి అనీ మేకను కోసే మనుషులతో వాదించడం నాకు చదువుకునే రోజుల నుంచీ అలవాటు. వాళ్లు దళంలో చేరిన రోజే అందరికీ గట్టిగా చెప్పాను. మంగళవారం మంచిది కాదు, అమావాస్య బయలుదేరొద్దు లాంటి మాటలు నా దగ్గర చెల్లవు, దోమకు పంచాంగం లేదు అన్నాను. నవ్వారు. ఆ నవ్వును నేను అంగీకారం అనుకున్నాను.

ఆగస్టులో రెండో విడత మందు కొట్టడం మొదలుపెట్టే ముందు ఊళ్ల వరుస రాస్తుంటే భీంరావు లేచి నిలబడ్డాడు. పోలా పండుగ అయిపోయేదాకా ఆగితే బాగుంటుందన్నాడు. పోలా అంటే శ్రావణ అమావాస్యకు ఎడ్లను అలంకరించి చేసే పండుగ. నేను అతన్ని వాక్యం పూర్తి చేయనివ్వలేదు. పండుగలకు ఆగితే జనం చస్తారని కోప్పడ్డాను. అతను కూర్చున్నాడు. మరునాడే పని మొదలైంది.

పండుగ దాటిన నాలుగో రోజున మా యూనిట్ అధికారి మేము ముగించిన ఊళ్లలో ఒకదానికి జీపులో తనిఖీకి వెళ్లాడు. తలుపుల మీద మేము వేసిన తేదీల గుర్తులు ఉన్నాయి. గోడల మీద మందు లేదు. డీడీటీ కొట్టిన మట్టిగోడ మీద తెల్లటి పొడి చారలు కంటికి కనిపించాలి. వరుసగా ఆరు ఇళ్లలో ఒక్క చారా లేదు. దళం మందు సంచులను వాగులో పారబోసి దొంగ గుర్తులు వేసిందని ఆయన తేల్చేశాడు. భీంరావును తీసేయాలని, అతని మీద కేసు పెట్టాలని, రెండు రోజుల్లో నా సంతకంతో రిపోర్టు కావాలని ఆజ్ఞ. ఒకసారి తీసేసిన మనిషిని సర్కారు మళ్లీ ఏ పనికీ తీసుకోదు. పైగా అవి అతని చుట్టాల ఊళ్లు. చుట్టాల ఇళ్లకు రావలసిన మందును వాగులో పోశాడన్న పేరుతో అతను అక్కడే బతకాలి.

నిజం ఒప్పుకోవాలి. నాకూ అనుమానం కలిగింది.

మరునాడు పొద్దున్నే భీంరావునూ రాజమల్లునూ వెంటబెట్టుకుని ఆ ఊరికి వెళ్లాను. ఏం జరిగిందని ఎన్నిసార్లు అడిగినా భీంరావు తల ఎత్తలేదు. చివరికి రాజమల్లుకు కోపం వచ్చింది.

"గాయన చెప్పడు సార్. చెప్తే మీరు ఇననే ఇనరు. పోలాకు ముందుగాల ఈ ఊర్లల్ల ఆడోళ్లు ఇండ్లన్ని ఎర్రమట్టితోని అలుకుతరు. గా మాటనే ఆ రోజు చెప్పవోయిండు. మీరు కూసోమంటిరి."

భీంరావు వైపు చూశాను. అవునన్నట్టు తల ఊపాడు.

ఎదుటి ఇంటి ముసలమ్మను అతనితో గోండిలో అడిగించాను. ఆమె మా మీద చిరాకుపడింది. భీంరావు ఆమె మాటలను తెలుగులో చెప్పాడు.

"తెల్లటి మరకలతోని గోడ ఖరాబు చేసి పోయిన్రంటుంది సార్. గట్లనే ఉంచి ఎడ్లకు మొక్కుతమా అంటుంది. రెండు పూతలు పూసిందట."

జేబులోంచి చాకు తీసి గోడను మెల్లగా గీకాను. ఎర్రమట్టి పెచ్చు ఒకటి ఊడింది. దాని కింద తెల్లటి పొర, చారలు చారలుగా, ఒకదాని పక్కన ఒకటి సమంగా ఉంది. రెండో ఇంట్లో గీకాను, మూడో ఇంట్లో గీకాను. ప్రతిచోటా ఉంది. అంత శుభ్రంగా మందు కొట్టిన దళాన్ని నేను ఆ తర్వాత కూడా ఎక్కువ చూడలేదు.  భీంరావు ఆ తెల్లపొర మీద వేలు పెట్టి చూసుకుని అరుగు మీద కూర్చున్నాడు. రాజమల్లు అతనికి బీడీ ముట్టించి ఇచ్చాడు.

"ఇగ ఫికర్ లేదు, తాగు పటేలా."

సాయంత్రానికల్లా అధికారిని పిలుచుకొచ్చి గోడలు చూపించాను. ఆయన తానే రెండు ఇళ్లలో గీకి చూసి, ఆజ్ఞ కాగితాన్ని చించేశాడు. తప్పు నా ప్రణాళికలో ఉందని రాతపూర్వకంగా ఇచ్చాను. నాకు ఒక మెమో వచ్చింది. అది న్యాయమే. మట్టి కింద ఉన్న మందు దోమకు తగలదు కనుక దళం ఆ ఊళ్లన్నిటికీ తిరిగి మందు కొట్టింది. ఈసారి ముందుగా ఆడవాళ్లతో మాట్లాడి, దీపావళి దాకా నేల అలకండి, గోడలు అలకకండి అని ఒప్పించింది భీంరావే. మరుసటి ఏడాది నుంచి రెండో విడత తేదీలను అతన్ని అడిగి వేశాం.

కారణం అడగకుండా దేన్నీ నమ్మొద్దని జనానికి చెప్పుకుంటూ తిరిగినవాణ్ణి నేను. పండుగ అన్న పదం చెవిన పడగానే కారణం అడగడం మానేశాను. అది మూఢత్వమే. దానికి వేరే పేరు పెట్టనక్కరలేదు.

ఆ తర్వాత నా దళాలన్నిటిలో ఒక పద్ధతి పెట్టాను. రోజూ మందు కలిపే ముందు అందరూ కూర్చుని ఆ రోజు పనిలో తప్పొప్పులు మాట్లాడుకోవాలి. చిన్నవాడు ముందు మాట్లాడాలి, ఇన్‌స్పెక్టర్ చివర. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. పంపు పట్టడం నేర్పడానికి నాకు వారం సరిపోయింది. సారు చెప్పింది తప్పని సారుకే చెప్పడం నేర్పడానికి రెండు సీజన్లు పట్టింది.