చెరువు మీద డకోటా

సత్యప్రసాద్ గల్ఫ్‌లో ఒక విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని చేసేవాడు. చెవులకి పెట్టుకోమని డిప్పలు ఇచ్చేరు గాని, అవి పెట్టుకుంటే మేస్త్రీ కేక వినపడదు. వినపడకపోతే తిట్లు. అందుకని తీసి మెళ్లో వేసుకునేవాడు. ఏళ్ల తరబడి ఇంజన్ల హోరులో కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం మిగిలింది. ఆరోగ్య పరీక్షలో సంగతి బయటపడగానే విమానం ఎక్కించి పంపించేసేరు.

పెళ్లి చేసుకోలేదు. కాట్రేనికోనలో అక్క భూలక్ష్మి ఇంటికి వచ్చేడు. బావ దుర్గారావుకి అక్కడ రొయ్యల చెరువులున్నాయి. చెరువు కాపలాకి నమ్మకమైన మనిషి కావాలని ఆయన చూస్తున్నాడు.

"వాడికి ఏ లోపం లేదండి. కంపెనీలో మనుషుల్ని తగ్గించేరు, అంతే," అంది భూలక్ష్మి మొగుడితో. తమ్ముడి వైపు తిరిగి, వినపడేలా దగ్గరికొచ్చి, "నోరు జారకు," అంది.

కాపలా అంటే ముఖ్యంగా ఏరేటర్లు చూసుకోవడం. నీళ్లని చిలికి రొయ్యలకి ఊపిరి అందించే యంత్రాలవి. కరెంటు పోతే ఆగిపోతాయి, వెంటనే జనరేటర్ వెయ్యాలి. ఎవరైనా ఆ మోత ఆగగానే లేచి పరిగెడతారు. ఎదురుగా నిలబడి మాట్లాడితే ప్రసాద్ ఎడమ చెవితో నెట్టుకొచ్చేవాడు గాని, ఆ మోత ఎప్పుడూ వినపడలేదు. అందుకని గట్టు మీది రేకుల షెడ్డులో కిటికీ పక్కన బల్ల వేసుకుని, మాటిమాటికీ తలెత్తి నీళ్ల మీద నురుగు కనపడుతుందో లేదో చూసుకునేవాడు. రాత్రిపూట ముసలయ్య అనే పాలేరు తోడుండేవాడు.

ఆ బల్ల మీదే డకోటా తయారైంది.

గల్ఫ్‌లో ఉండగా శుక్రవారం సంతలో, దేశం వదిలిపోతున్న ఎవరో దొర అమ్మేసుకున్న సామానులో దొరికిన అట్టపెట్టె అది. లోపల పాతకాలపు డకోటా విమానం ముక్కలు, బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకి అంటుకుని ఉన్నాయి. అన్నీ విడదీసి అతికిస్తే మూరకి కాస్త తక్కువ పొడవు. ప్రసాద్ పుట్టకముందే తయారైన కిట్టు. రెక్కలు వంకర్లు పోయేయి, అద్దాలు మసకబారేయి. ఒంటి నిండా చెమటకాయల్లాంటి బుడిపెలు. అవి మేకుల తలలట. అసలు విమానానికి అంత లావు ఉండవని ప్రసాద్‌కి తెలుసు. అన్నేళ్లు విమానాల పొట్ట కిందే తిరిగేడు.

రెక్కల్ని వేడినీళ్లలో ముంచి, గాజుపలక మీద పరిచి బరువు పెట్టి సాపు చేసేడు. వాటర్ పేపర్‌తో బుడిపెలన్నీ అరగదీసి, రేకు అతుకుల గీతల్ని సూదితో మళ్లీ చెక్కేడు. సందులు పూడ్చడానికి చట్రం ముక్కల్నే గోళ్లరంగు తుడిచే మందులో కరిగించి లప్పం చేసుకున్నాడు. కిటికీ అద్దాలు నీళ్ల సీసా కోసి పెట్టేడు. పైలట్ల గదిలో కిట్టు వాళ్లు ఇచ్చింది రెండు మొద్దు కుర్చీలు. వాటిని పారేసి కొత్తవి చేసి, మాత్రల రేకు చీల్చి బెల్టులు పెట్టేడు. రెక్కల మీద అంటించే గుర్తుల కాగితం పసుపెక్కిపోతే, కిటికీ అద్దానికి అతికించి ఎండలో ఉంచేడు. రోజూ కాస్త కాస్త తెల్లబడింది. పాడైన చోటల్లా విప్పి, మళ్లీ మొదలుపెట్టేవాడు. అలా రెండేళ్లు గడిచేయి.

"ఎగురుద్దాండీ?" అని అడిగేడు ముసలయ్య ఓసారి.

"ఎగరదు."

"మరెందుకండీ?"

ప్రసాద్‌కి ఆ ప్రశ్న వినపడలేదు.

శ్రావణంలో ముసురు పట్టింది. సూర్యుడు కనపడక నీళ్లలో ఊపిరి తగ్గిపోయిన ఒక ఉదయం కరెంటు పోయింది. ముసలయ్య మేత బస్తాల కోసం ఊళ్లోకి వెళ్లేడు. ప్రసాద్ ఆ పూట మైనపొత్తి వెలిగించి, చట్రం ముక్కని వేడి చేసి వెంట్రుకంత సన్నగా సాగదీస్తున్నాడు. విమానం వీపు మీద ఉండే రేడియో తీగ అది. చెయ్యి వణికితే తెగిపోతుంది. తలెత్తలేదు. తీగ కుదిరింది. అప్పుడు చూసేడు కిటికీలోంచి. నీళ్లు గాజులా కదలకుండా ఉన్నాయి. అంచుల్లో రొయ్యలు తెల్లగా తేలుతున్నాయి.

మరో పది రోజుల్లో పట్టాల్సిన రొయ్యలు. చచ్చినవాటిని వలలతో లాగి, గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చేరు. దుర్గారావు గట్టు మీద నిలబడి చివరిదాకా చూసేడు. తర్వాత షెడ్డులోకి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. భూలక్ష్మి గుమ్మంలో నిలబడింది. కూలీలు బయట గుమిగూడేరు.

కొడతాడనుకున్నాడు ప్రసాద్. దుర్గారావు విమానాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇదేంటిది?" అన్నాడు, తోక దగ్గర వేలు పెట్టి, బయట కూలీలకి వినపడేలా గొంతు పెంచి.

"చుక్కాని అండి."

"తలుపు తెరుచుకుంటుందా?"

"ఆయ్. వేలి గోరుతో తియ్యాలండి." ప్రసాద్ తీసి చూపించేడు. లోపలి కుర్చీలు చూపించేడు, బెల్టులు చూపించేడు. ఎవరూ ఎప్పుడూ అడగలేదేమో, మాట్లాడుతున్నకొద్దీ మొహం విచ్చుకుంది. దుర్గారావు ఓపిగ్గా అన్నీ విన్నాడు. పసుపెక్కిన కాగితాన్ని ఎండలో ఎలా తెల్లబరిచిందీ కూడా విన్నాడు.

"బాగుంది," అన్నాడు. "పట్టుకురా. కొత్త పంటకి పక్షుల బెడద లేకుండా చెరువు మీద కడదాం."

ప్రసాద్ సరిగా వినలేదనుకుని అక్క వైపు చూసేడు. భూలక్ష్మి తల దించుకుంది.

"నువ్వే కట్టు. రెక్కలకి కన్నాలు పెట్టు, లేకపోతే గాలికి జారిపోద్ది."

సూదంత బరమాతో ప్రసాద్ కన్నాలు పెట్టేడు. ఎక్కడ పెడితే పగలదో చూసుకుని, రెక్క మందంగా ఉన్నచోట పెట్టేడు. నడుం లోతు నీళ్లలోకి దిగి, చెరువుకి అడ్డంగా లాగిన నైలాన్ తాడుకి వేలాడదీసేడు. రేడియో తీగ అప్పుడే తెగిపోయింది. గట్టు మీద కూలీల్లో ఎవరో నవ్వేరు. మిగతావాళ్లూ నవ్వేరు, దుర్గారావు తప్ప.

ఆ సాయంత్రం భూలక్ష్మి అన్నం పెడుతుంటే ప్రసాద్ అడిగేడు, "అక్కా, నాకు వినపడదని బావగారికి చెప్పొచ్చు కదా."

"చెప్తే? తెలిసి కూడా చెరువు నీ చేతిలో ఎందుకు పెట్టించేనని నన్ను అడుగుతారు," అంది. "బొమ్మే కదరా," అని ఇంకాస్త పులుసు పోసింది.

కొత్త పంటకి కొంగలు వారం పాటు దగ్గరికి రాలేదు. తర్వాత అలవాటు పడ్డాయి. ఒక నీటికాకి రోజూ రెక్క మీద వాలి ఒళ్లు ఆరబెట్టుకునేది. ఎండకి ప్లాస్టిక్ మళ్లీ వంకర్లు పోయింది. మేత చల్లే తెప్ప దాని కిందుగానే వెళ్లాలి. ప్రసాద్ రోజుకి నాలుగుసార్లు వెళ్లేవాడు. కార్తీకంలో ఈదురుగాలికి తాడు తెగి, విమానం ఏరేటర్ రెక్కల్లో పడి ముక్కలైంది. ముసలయ్య ముక్కలు ఏరి గట్టున పెట్టేడు. ప్రసాద్ వాటిని మేత సంచిలో వేసి చెత్తలో పారేసేడు.

పంట బాగా వచ్చింది. దుర్గారావు మెత్తబడ్డాడు. "నీ విమానం మంచిదేరా," అన్నాడు. "ఇంకోటి చెయ్యి. ఈసారి రేకుతో చెయ్యి, కాస్త మెరవాలి."

ప్రసాద్ చేసేడు. నూనె డబ్బా కత్తిరించి, ముక్కుకి గాలికి తిరిగే పంకా పెట్టేడు. చుట్టుపక్కల చెరువులవాళ్లు చూసి తమకీ కావాలన్నారు. ఇప్పుడు కాట్రేనికోన నుంచి సముద్రం దాకా చాలా చెరువుల మీద అవే తిరుగుతుంటాయి. దుర్గారావు ఎవరొచ్చినా షెడ్డుకి తీసుకొచ్చి, "మా బావమరిదండి, చెయ్యి చాలా మంచిది," అని చెప్పుకుంటాడు. నిజంగానే గర్వపడతాడు.

మొన్న దిండి నుంచి ఒకాయన వచ్చి రేకు విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూసేడు. "తలుపులు, కిటికీలు గీసి ఉంటే ఇంకా బాగుండేదండి," అన్నాడు, ప్రసాద్ తనవైపు తిప్పిన ఎడమ చెవి దగ్గరికి వంగి.

"పక్షులకి అవన్నీ అక్కర్లేదండి," అని, ప్రసాద్ కత్తెర తీసుకుని ఇంకో డబ్బా కోయడం మొదలుపెట్టేడు.